ఆగిన గుండెను ఆడించు విద్య: మన పిల్లలకు ఆన్‌లైను పాఠములు

ఈ పత్రికలో మేము వ్రాయు వ్యాసములు సాధారణముగా విత్తనశుద్ధిని గూర్చియో, జీలుగ పైరును గూర్చియో, సుడిదోమను గూర్చియో యుండును. ఈ మాసమున వేఱొక విషయమును వ్రాయుచున్నాము. సేద్యమునకును దీనికిని సంబంధమేమని సభ్యులు కొందఱడుగవచ్చును. కనుక కారణమును మొదటనే చెప్పెదము.

కొన్ని యేండ్ల క్రిందట ఎడగారు నాట్ల కాలమున మన మండలములోని యొక గ్రామమునకు నాటు పద్ధతి చూపుటకై వెళ్లియుంటిమి. మడి ప్రక్కనే మోటారు షెడ్డు. ఇరువది యేండ్లు నిండని కూలి యువకుడొకడు తడిచేతులతో స్టార్టరు పెట్టెను తాకి నేలకూలెను. ఎవరో తెలివిగా మెయిను స్విచ్చి దింపిరి. ఆ మీదట మేమందఱము చేసినదంతయు పొరపాటే. అఱచేతులు, అఱికాళ్లు రుద్దితిమి. ఒకరు ముఖముపై నీళ్లు చల్లిరి. ఒకరు చేతిలో తాళపుగుత్తి పెట్టిరి. ఇద్దఱు లేపి కూర్చుండబెట్టి వీపు తట్టిరి. నడుమ రెండు మూడు మాఱులు ఆ పిల్లవాడు నోరు తెఱచి పెద్దగా గాలి లాగెను. "ఊపిరి ఆడుచున్నది, భయము లేదు" అని అందఱికంటె ముందుగా పలికినవారము మేమే. ఆటోలో వేసికొని ఆసుపత్రి చేరునప్పటికి అఱగంట దాటెను. అక్కడి వైద్యుడు పరీక్షించి, "పడిన తోడనే ఎవరైన రొమ్ము నొక్కిరా?" అని యడిగెను. లేదంటిమి. ఆయన మఱేమియు అనలేదు.

మేము ఊపిరి యనుకొన్నది ఊపిరి కాదు, అది ఎగశ్వాస. గుండె ఆగిన మనుష్యుడు తొలి నిమిషములలో చేపవలె నోరు తెఱచి ఆగి ఆగి గాలి లాగుట కలదు. దానిని జూచి ప్రాణము నిలిచినదని చుట్టునున్నవారు ఊరకుందురు. మేమును ఊరకుంటిమి. ఈ యొక్క సంగతి ఆనాడు తెలిసియున్నచో ఆ పిల్లవాడు తప్పక బ్రదికియుండెనని చెప్పజాలము. కాని వానికొక అవకాశమైన దక్కియుండును.

గుండెపోటు వేఱు, గుండె ఆగుట వేఱు. గుండెకు రక్తము తెచ్చు నాళము మూసికొనిపోయి రొమ్ము నొప్పి పుట్టుట గుండెపోటు. అట్టివాడు మాటలాడును, ఆసుపత్రికి నడచియైన పోవును. గుండె ఆగినవాడు క్షణములలో స్మృతి తప్పి పడిపోవును. మొదటిది రెండవదానికి దారితీయవచ్చును. విద్యుద్ఘాతము, నీట మునుగుట, పిడుగుపాటు మొదలగునవియు దారితీయును. ఆత్మకూరు శాసనసభ్యులును రాష్ట్రమంత్రియునైన మేకపాటి గౌతమ్ రెడ్డిగారు 2022 ఫిబ్రవరి 21వ తేదీన, 50 యేండ్ల వయసున హైదరాబాదులో ఆకస్మికముగా గతించినప్పుడు, గుండె ఇట్లు హఠాత్తుగా ఆగునా యని మన జిల్లాలో ఇంటింట అనుకొనిరి.

గుండె ఆగినదన్నప్పుడు అన్నివేళల అది కదలక నిలిచినదని కాదు. పెక్కుమాఱులు మొదట అది దడదడ వణకుచుండును. నలుగురు కలిసి ఏతాము తొక్కునప్పుడు నాలుగు తీరుల అడుగు వేసినచో ఎంత శ్రమపడినను కాలువలోనికి నీరు రాదు గదా! అట్లే గుండెకండలోని ప్రతి పోగును వేఱువేఱుగా అదరుచుండుటచే రక్తము ముందుకు పోదు. మెదడునకు రక్తమందనిచో నాలుగైదు నిమిషములలో చెడుట ఆరంభమగును. విడవలూరు నుండి నెల్లూరి పెద్దాసుపత్రి చేరుటకు ఎంతసేపు పట్టునో సభ్యులకు మేము చెప్పనక్కఱలేదు. 108 బండి ఎంత వేగముగ వచ్చినను ఆ నాలుగు నిమిషములు మనవే, అనగా ప్రక్కనున్న వానివే.

ఆ వ్యవధిలో చేయదగిన పనిని సి.పి.ఆర్. అందురు. ఇది కనుగొనబడిన విధము కరెంటు మోటార్లతో నిత్యము మెలగు మనకు ఆసక్తికరముగా నుండును. దీనికి మూలపురుషులలో నొకడగు విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున విద్యుచ్ఛక్తి ఇంజనీరు. స్తంభములెక్కి పనిచేయు తీగల పనివారు షాకు తగిలి చనిపోవుచుండగా, దానికి విఱుగుడేమని పరిశోధింపసాగెను. వణకు గుండెను విద్యుత్తుతోనే సరిదిద్దవచ్చునని తేలెను. 1958లో అతని శిష్యుడు నికర్‌బాకర్ ఒక కుక్కపై ప్రయోగము చేయుచు, కరెంటు ఇచ్చు పలకలను రొమ్మున గట్టిగా అదిమినంతనే రక్తపు పోటు కొంత పెరుగుట కనిపెట్టెను. అనగా పై నుండి నొక్కినను రక్తము కదలునన్నమాట. శస్త్రవైద్యుడగు జూడ్‌తో గూడి వారు 1960లో ఈ పద్ధతిని ప్రకటించిరి. నోటితో ఊపిరి ఊదుట పీటర్ సఫార్ మొదలగు వైద్యులు 1950ల చివర నిరూపించినది. ఆ 1960లోనే నార్వే దేశపు బొమ్మల వ్యాపారి ఆస్మండ్ లేర్డాల్ అభ్యాసమునకై మనిషి బొమ్మను చేసెను. దాని ముఖమునకు మాదిరి, పారిసు నగరమున సేన్ నదిలో మునిగిన యజ్ఞాత బాలికదని చెప్పబడిన మూసముఖము.

అంతకు ముందు నేర్పుచుండినది వేఱు. రోగిని బోర్ల పరుండబెట్టి వీపు నొక్కుటయు, మోచేతులు పట్టి లేపుటయు ఆనాటి పద్ధతులు. మేము చదివిన మిషను పాఠశాలలో స్కౌట్ల పాత పుస్తకమున ఆ బొమ్మలే యుండెడివి, పరీక్షలో అదియే వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. ఎలీషా ప్రవక్త షూనేమీయురాలి బిడ్డ నోటిపై తన నోరుంచిన కథయు ఆ పాఠశాలలోనే వింటిమి. పాతకాలపు కథ కొత్త విద్యకు దగ్గఱగాను, ముద్రించిన పుస్తకము దూరముగాను ఉండుట యిప్పటికిని మాకు వింతగా తోచును.

ఇక చేయవలసిన విధము. ముందు మన ప్రాణము చూచుకొనవలెను. కరెంటు తగిలినవానిని స్విచ్చి తీయకుండ ముట్టుకొనరాదు. పిమ్మట భుజములు తట్టి గట్టిగా పిలువవలెను. పలుకక, ఊపిరి లేక, లేదా ఎగశ్వాసయే యున్నచో గుండె ఆగినదనియే తలచవలెను. పది సెకండ్లకు మించి తర్కింపరాదు. ఒకరు 108కి ఫోను చేసి మాట బయటకు వినబడునట్లు నేలపై నుంచవలెను. రోగిని మంచముపై గాక గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ, అనగా రొమ్ముటెముక క్రింది సగమున ఒక అఱచేతి మడమనుంచి, దానిపై రెండవచేతినుంచి, మోచేతులు వంచక, ఒంటి బరువుతో నొక్కవలెను. లోతు రెండంగుళములకు తగ్గరాదు, రెండున్నరకు మించరాదు. నిమిషమునకు 100 నుండి 120 మాఱులు. నొక్కిన ప్రతిమాఱు రొమ్మును పూర్తిగా పైకి రానీయవలెను. పైకి లేచునప్పుడే గుండె రక్తముతో నిండును. పిల్లలు ఈ మాటను తఱచు మఱతురు. అలసట వచ్చులోపల, రెండు నిమిషములకొకమాఱు చేయి మార్చుకొనవలెను. ప్రక్కటెముక విఱుగునేమో యని జంకవలదు. విఱిగిన ఎముక అతుకుకొనును.

నేర్చినవారు 30 నొక్కుళ్లకు 2 ఊపిరుల చొప్పున ఊదుదురు. ఊదుట రానివారు, ఇష్టపడనివారు నొక్కుటతోనే సరిపుచ్చవచ్చును. మన దేశపు అనస్థీషియా వైద్యుల సంఘము సామాన్యజనులకై 2017లో ప్రకటించిన పద్ధతియు రొమ్ము నొక్కుట మాత్రమే.

ఈ పాఠము పిల్లలకేల యని ప్రశ్న. నార్వేలో 1961 నుండియే బడులలో దీనిని నేర్పుచున్నారు. డెన్మార్కులో 2005 నుండి బడులలో నిర్బంధమయ్యెను. పెద్దలకును విరివిగా నేర్పిరి. అక్కడ 2001లో గుండె ఆగిన నూటికి 21 మందికి ప్రక్కవారు సి.పి.ఆర్. చేయగా, 2010 నాటికి ఆ సంఖ్య 45 అయ్యెను. నెల దినముల తరువాత బ్రదికియున్నవారు నూటికి మూడున్నర నుండి దాదాపు 11కు పెరిగిరి. దీనికి కారణములు పెక్కు, బడి యొక్కటియే కాదు. 12 యేండ్లు దాటిన ప్రతి విద్యార్థికి సంవత్సరమునకు రెండు గంటలు నేర్పవలెనను ఐరోపా వైద్యుల ప్రకటనను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించెను. మన ప్రక్క రాష్ట్రమగు తెలంగాణమున, 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు నగరపు కూడలియందు పడిపోయిన యొకనిని ట్రాఫికు కానిస్టేబులు రొమ్ము నొక్కి రక్షించిన దృశ్యము దేశమంతట వ్యాపించెను. మార్చి 1వ తేదీన ఆ ప్రభుత్వము ఉద్యోగులకు ఈ శిక్షణ నారంభించెను. అదే యేడు డిసెంబరు 6న వైద్య విజ్ఞానముల జాతీయ పరీక్షామండలి దేశవ్యాప్తముగ నొకే దినమున జనులకు నేర్పు కార్యక్రమము జరిపెను.

మన యూరి కథకు వత్తము. 2020లో అంటువ్యాధిచే బడులు మూతపడిననాటి నుండి మన పిల్లలకు ఫోనులో పాఠము వినుట అలవాటయ్యెను. మా అన్నగారి కుమార్తెయు, ఆమె తోడి విద్యార్థులు కొందఱును ఇట్టి ఆన్‌లైను పాఠమొకటి చూచి, ప్రశ్నలకు జవాబులిచ్చి, పేరు ముద్రించిన పత్రము తెచ్చి మాకు చూపిరి. మొత్తము గంటకు లోపలనే! వారితో వచ్చిన పెద్దరైతు ఒకరు నవ్వి, "ఏంది సార్, ఫోనులో చూసి మనిషిని బతికిస్తారా ఈ పిల్లకాయలు?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు కనుగొనుటకే మేము కొన్ని వారములు పాటుపడితిమి.

పిల్లలను ప్రశ్నించితిమి. ఎగశ్వాస గుఱుతు చెప్పిరి. ఫోను నంబరు చెప్పిరి. లోతు, వేగము, చేతులుంచు చోటు, అన్నియు తప్పులేక చెప్పిరి. మేము పెద్దలమైయుండి ఆ మోటారు షెడ్డు వద్ద ఎఱుగని సంగతులన్నియు వారెఱుగుదురు. అంతవఱకు ఆన్‌లైను పాఠము కృతార్థమైనట్లే. పిమ్మట వారి ముందొక బస్తానుంచి నొక్కుమంటిమి. మోచేతులు వంగెను, అంగుళమైన దిగలేదు, వేగము కొందఱిది మఱీ మెల్లన, కొందఱిది వడ్లు తూర్పారబట్టు తొందర. నిమిషము గడవకయే రొప్పసాగిరి. వరుసనాటు గూర్చి ఫోనులో చూచిన రైతు త్రాడు పట్టినప్పుడు పడు తికమకయే యిది. మా వృత్తికి ప్రదర్శన మని పేరు వచ్చినది ఇందుకే.

అమెరికా హృదయ సంఘమువారును తమ ఆన్‌లైను పాఠము ముగిసిన పిదప బొమ్మపై చేతి పరీక్ష నెగ్గినగాని వైద్యసిబ్బందికి పూర్తి పత్రమీయరు. అయితే పాఠము చూచుచునే చవుక బొమ్మపై అభ్యసించినవారు, అఱగంటలో, తరగతికి పోయి గంటలకొలది నేర్చినవారితో సమముగ చేయగలరని 2005లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. కనుక లోపము ఫోనుది కాదు, చేతిక్రింద ఏమియు లేకుండుటది.

బొమ్మ కొనులోపల మేమొక ఉపాయము చేసితిమి. మొదట ధాన్యము నింపిన బస్తా పెట్టితిమి. అది దిగునేగాని మఱల లేవదు. ఊక నింపినదియు అంతే. తుదకు గోనెసంచిలో ఊక బిగించి, నడుమ మూత గట్టిగా బిగించిన ఖాళీ నీళ్ల సీసాను అడ్డముగ నుంచి, పైన పాతచొక్కా తొడిగితిమి. సీసా నొక్కినప్పుడు అణగి, విడిచినప్పుడు పైకి తన్నును. ప్రక్కన అడుగుబద్ద నిలిపి ఒక పిల్లవాడు లోతు చూచును. వేఱొకడు ఫోనులో గడియారము చూచును. ముప్పది నొక్కుళ్లు 15 సెకండ్లకు తక్కువగాని 18కి ఎక్కువగాని కారాదు. ఒక రోటిలో ఇరువురు మార్చి మార్చి దంచు వడి దీనికి దగ్గఱగా నున్నదని ముదుసలి యొకామె చెప్పగా పరీక్షించితిమి, సరిపోయెను. కాని రోటిపోటు ఎఱిగిన పిల్లలిప్పుడు ఎందఱు?

ఒక సంగతి ఖండితముగ చెప్పవలసియున్నది. మొదటివారమున ఇద్దఱు బాలురు ఒకరి రొమ్ము నొకరు నొక్కి చూచుకొనుట మా కంటబడెను. ఆడుచున్న గుండెపై ఈ యభ్యాసము చేయరాదు; అపాయము. బస్తాపైననే, బొమ్మపైననే చేయవలెను.

వయసు మాటకు వచ్చినచో, 2007లో బ్రిటనున ప్రకటించిన పరిశీలన ప్రకారము తొమ్మిది పదేండ్ల పిల్లల బలము ఆ లోతునకు చాలదు. 13, 14 యేండ్లవారు పెద్దలతో సమముగ చేయగలరు. చిన్నవారు పిలుచుట, ఫోను చేయుట, స్విచ్చి ఎక్కడున్నదో ఎఱుగుట నేర్చిన చాలును. నేర్చిన చేయి కొలది నెలలకే మొద్దుబాఱును గనుక మూడు నెలలకొకమాఱు బస్తా ముందు కూర్చుండవలెను.

ఆన్‌లైను పాఠములు చాలవఱకు పట్టణవాసుల నుద్దేశించి చేసినవి. ఆఫీసులోనో, విమానాశ్రయములోనో ఒకడు పడును, అంతే. మన కాలువలు, రొయ్యల గుంటలు, పురుగుమందుల డబ్బాలు వానిలో లేవు. ఆ భాగమును మేమే చేర్చి చెప్పుచున్నాము. నీట మునిగినవానికి మొదటి కొఱత గాలి. కనుక వానికి నొక్కుటతో సరిపుచ్చక, తల వెనుకకు వంచి, ముక్కు మూసి, ముందుగా ఊపిరులూది పిదప నొక్కవలెను. కడుపు నొక్కి నీళ్లు కక్కించుట, తలక్రిందుగా త్రిప్పుట మానవలెను. అది కాలహరణమేగాక కక్కినది ఊపిరిత్తులలోనికి పోవును. రొయ్యల గుంటలో ఏరియేటరు వద్ద పడినవానికై నీటిలోనికి దుముకుటకు ముందు కరెంటు తీయవలెను. ఒకరి వెనుక నొకరు దిగి ఇద్దఱును పోవుట ఇట్టి చోట్లనే జరుగును. పిడుగు పడినవాని యొంట కరెంటు నిలువయుండదు, వెంటనే ముట్టుకొనవచ్చును. పలువురు పడియున్నచో, మూలుగువారిని గాక, కదలనివారినే ముందు చూడవలెను. కట్లపాము కాటున గుండె ఆడుచుండగనే ఊపిరి నిలిచిపోవుట కలదు. విఱుగుడు మందుగల ఆసుపత్రి చేరువఱకు ఊపిరి ఊది నిలుపవలెను. పురుగుమందు త్రాగినవాని నోటికి మాత్రము నోరు తగిలింపరాదు. రొమ్ము నొక్కుట చాలును. చేతులకు తొడుగులుండిన మేలు.

డిఫిబ్రిలేటరను పరికరమును గూర్చి కొందఱు సభ్యులు సంఘమే యొకటి కొనరాదా యని యడిగిరి. క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు 1947లో పదునాలుగేండ్ల బాలుని గుండెను శస్త్రచికిత్స నడుమ విద్యుత్తుతో మఱల నడిపించెను. 1965లో బెల్ఫాస్టు వైద్యుడు పాంట్రిడ్జ్ దానిని అంబులెన్సులో నుంచెను. ఇప్పటిది, ఏ.ఈ.డి. అనబడునది, చిన్న పెట్టె. మూత తీయగనే ఏమి చేయవలెనో అదియే మాటలతో చెప్పును. రెండు అంటుపట్టీలలో నొకటి కుడి మెడయెముక క్రింద, రెండవది ఎడమ చంక దిగువను తడి తుడిచిన చర్మముపై అంటింపవలెను. గుండె వణకుచున్నచో మాత్రమే షాకిమ్మని చెప్పును. బొత్తిగా నిలిచినచో ఈయదు. ఇచ్చునప్పుడు ఎవరును రోగిని తాకరాదు. ఇచ్చిన మఱుక్షణమే నొక్కుట తిరిగి సాగింపవలెను. షాకు ఒక్కొక్క నిమిషము ఆలస్యమగుకొలది, నొక్కువారు లేనిచో, బ్రదుకు ఆశ నూటికి ఏడు మొదలు పదివంతుల చొప్పున తగ్గిపోవును.

ఇంత మేలైనదైనను, మా యభిప్రాయమున సంఘము ముందుగా కొనవలసినది ఇది కాదు. దీని వెల నేడు లక్ష రూపాయలకు అటునిటు. బ్యాటరీ, పట్టీలు కాలము తీరగనే మార్చవలెను. తాళము వేసిన గోదాములో నున్న పరికరము నడిరేయి రామతీర్థము ఒడ్డున పడినవానికి అందదు. అభ్యాసపు బొమ్మయో కొలది వేలకే వచ్చును, వందలమంది చేతులకు పని నేర్పును. చేతులు నేర్చిన పిదప పెట్టె కొందము. కొన్నచో అది రాత్రియు పగలును తెఱచియుండు చోట నుంచవలెను. దీనితో కార్యవర్గమున కొందఱు ఏకీభవింపలేదు. వారి వాదమును వచ్చు సంచికలో ప్రకటింప సిద్ధముగా నున్నాము.

మఱియొక భయము కేసును గూర్చినది. రోడ్డు ప్రమాదమున సాయపడినవానిని సివిలు, క్రిమినలు బాధ్యతల నుండి కాపాడుటకు మోటారు వాహనముల చట్టమున 2019లో 134-ఏ అను సెక్షను చేర్చబడినది. పేరు చెప్పుమని వానిని నిర్బంధింపరాదు. ఈ సెక్షను రోడ్డు ప్రమాదములకే చెందునను మాటయు గుఱుతుంచుకొనవలెను.

సీసా పెట్టిన బస్తాలు రెండు సంఘ కార్యాలయమున ఉంచబడినవి. ఎనిమిదవ తరగతి మొదలు పై విద్యార్థులు ఆన్‌లైను పాఠమును ఇంటివద్ద చూచి, ప్రతి నెల మొదటి శనివారము సాయంకాలము నాలుగు గంటలకు రావలెను. ప్రతివారును తమ యింటి పెద్ద నొకరిని వెంటబెట్టుకొని రావలెను. బస్తా నొక్కునది ఇరువురును. రొయ్యల గుంటల కాపలాదార్లకు పగలు తీఱిక యుండదు గనుక వారికై రాత్రి ఏడు గంటలకు వేఱుగ ఏర్పాటు చేసినాము. వచ్చువారు తమ మోటారు షెడ్డులో మెయిను స్విచ్చి ఎటువైపునున్నదో చూచుకొని రావలసినదిగా కోరుచున్నాము. మొదటి ప్రశ్న అదియే.